నిశాని కాగితాలు

శైలేందర్ ఏ పెన్ను పరీక్షించినా ఒకే వాక్యం రాస్తాడు. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా రాయించి ఇచ్చిన కాగితం." ముప్పై ఏండ్లు దస్తావేజులు రాసిన చెయ్యి. పాళీ ఆనితే చాలు, ఆ మాటలే పడతాయి.

మే నెల, గురువారం, పన్నెండు దాటింది. సిద్దిపేట రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ వెంట దస్తావేజులు రాసేవాళ్ల రేకు డబ్బా కొట్లు పదకొండు ఉన్నాయి. ఏడోది అతనిది. ఎదురుగా కొరియర్‌లో వచ్చిన బ్రౌన్ ఇంకు సీసా, చేతిలో చనిపోయిన తండ్రి దేవదాసు పెన్ను. గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని ఆ వాక్యాన్ని ఐదు రకాల కాగితాల మీద రాశాడు.

జిరాక్స్ కాగితం మీద ఆరు సెకన్లలో ఆరింది, కానీ అక్షరాల అంచులు వెంట్రుకల్లా పాకాయి. ఆకుపచ్చ లెడ్జర్ కాగితం మీద పాకలేదు, ఆరడానికి పద్నాలుగు సెకన్లు పట్టింది. బడి నోటుబుక్కులో ఇంకు వెనక పేజీకి దిగింది. పెండ్లికార్డు మీద పైపైనే నిలిచి నలభై సెకన్లకు ఆరింది, వేలు పెట్టి రుద్దితే వేలికి వచ్చింది. ఐదోది తండ్రి పెట్టెలో దొరికిన, ఏ ముద్రా లేని ఖాళీ కాగితపు తావు. దాని మీద ఎనిమిది సెకన్లలో ఆరింది. ఆరగానే ఒక వన్నె తగ్గింది.

పాతిక ముప్పై ఏండ్ల కింద రాసిన దస్తావేజు ఒకటి తీసి పక్కన పెట్టాడు. అప్పట్లో నీలి నలుపుగా ఉన్న అక్షరాలు ఇప్పుడు బ్రౌన్‌కు తిరిగాయి. రెండు కాగితాలను వెలుగులోకి పట్టి చూశాడు. ఏది నిన్నటిదో, ఏది నేటిదో అతనికే తెలియలేదు.

నర్సింహ అడిగింది అదే.

నర్సింహ సోమవారం వచ్చాడు. మర్కూక్ దగ్గర అతనికి పదిహేను ఎకరాల తోట ఉంది. తోటకూ రోడ్డుకూ నడుమ అమృతమ్మ అనే ముసలామెకు ఇరవై గుంటల భూమి, అంటే అర ఎకరం. అమ్మమని రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వనన్నది. భర్త సాంబయ్య కల్లు గీసిన తాటిచెట్లు ఆ గుంటల్లోనే ఉన్నాయి. ఆ చెట్ల మీది నుంచి పడే అతను పోయాడు, ఇరవై నాలుగేండ్ల కింద.

"మీ నాయిన పెట్టె ఇంక ఉన్నదా?" అని మొదలుపెట్టాడు నర్సింహ.

"ఏ పెట్టె, పటేలా?"

"ఏ పెట్టెనా? నిశానిల పెట్టె. నాకు తెల్వదనుకుంటివా?"

ఆ పెట్టె సంగతి పాతవాళ్లకు తెలుసు. దేవదాసు కాలంలో ఊళ్ల నుంచి జనం పొద్దుటి బస్సుకు వచ్చి మధ్యాహ్నం బస్సుకు పోయేవారు. ఆ బస్సు తప్పితే తెల్లారిందాకా మరొకటి లేదు. రాయించుకునేవాళ్లు పదిమంది, రాసేవాడు ఒక్కడు. అందుకని దేవదాసు వాళ్లు చెప్పింది విని, ఖాళీ తావు అడుగున నిశాని వేయించుకుని పంపేవాడు. నిశాని అంటే బొటనవేలి ముద్ర. విషయం సాయంత్రం తీరిగ్గా దాని పైన రాసేవాడు. వేసేవాళ్లకు అనుమానం లేదు, వేయించుకున్నవాడికి దురాశ లేదు. కొన్ని బేరాలు నడుమనే చెడిపోయాయి, కొందరు మళ్లీ రాలేదు. వాళ్ల కాగితాలు మిగిలిపోయాయి. మనిషి నిశాని ఉన్న కాగితం చింపకూడదని దేవదాసు వాటిని రేకు పెట్టెలో పెట్టాడు. వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, తారీఖు రాశాడు. దేవదాసు పోయి పదహారేండ్లయింది. పెట్టె ఇప్పుడు శైలేందర్ మంచం కింద ఉంది. అందులో నలభై మూడు కాగితాలు.

"సాంబయ్యది ఉంటది సూడు," అన్నాడు నర్సింహ. "అన్నదమ్ముల పంపకం రాయించుకుంటనని ఒకసారి వచ్చిండు మీ నాయిన కాడికి. దాని మీద సాదా బైనామా రాయి. మా బాపుకు ఆ ఇరవై గుంటలు అమ్మినట్టు. చచ్చిపోయిన ఏడాదికి ముందటి తారీఖు ఎయ్యి."

రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద భూమి అమ్ముకుంటే అది సాదా బైనామా. ఊళ్లలో సగం భూములు అట్లనే చేతులు మారాయి. అట్లాంటి కాగితాలను పక్కా చేసేందుకు వచ్చే బుధవారం తహసీల్దారు దగ్గర హియరింగ్ ఉంది.

"చచ్చినోని నిశాని పటేలా..."

"చచ్చినోనిదైతేనే మంచిది. కాదనేతందుకు రాడు." నర్సింహ నవ్వాడు. "డ్రైనేజీ కోసమని ఈ డబ్బాలన్ని తీసేస్తున్నరు, ఎర్కేనా? కొత్త కాంప్లెక్సుల నాలుగు మడిగెలు ఉన్నయి. పదకొండు మంది, నాలుగు మడిగెలు. నీకు ఒకటి కావాల్నా, వద్దా?"

శైలేందర్ ఆ కొట్టు కావాలన్నాడు.

*

శుక్రవారం పొద్దున పదింటికి డబ్బా తలుపు సగం వేసుకున్నాడు. సాంబయ్య కాగితం బల్ల మీద పరిచాడు. అడుగున నిశాని. చెట్లు ఎక్కిన వేలు కాబట్టి గీతలు అరిగి, నడుమ తెల్లగా ఉంది. పెన్నులో బ్రౌన్ ఇంకు పోసి మొదటి లైను రాశాడు. "మర్కూక్ నివాసి సాంబయ్య."

ఎనిమిది సెకన్లు ఆగాడు. ఇంకు మెరుస్తోంది.

నిమిషం ఆగాడు. ఐదు నిమిషాలు. ఫ్యాన్ కిందికి జరిపాడు. అక్షరాలు పాకలేదు, వెనక్కి దిగలేదు, ఆరలేదు. పాళీ ఎత్తిన క్షణంలో ఎట్లా ఉన్నాయో అట్లనే ఉన్నాయి.

అద్దుడు కాగితం తీసి అద్దాడు. ఎత్తి చూస్తే అది తెల్లగానే ఉంది. చూపుడువేలు ఆనించాడు. వేలికి తడి తగిలింది, బ్రౌన్ మరక అంటింది. కాగితం మీది అక్షరం మాత్రం చెదరలేదు.

కాగితాన్ని బయటికి తెచ్చి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి డబ్బా రేకు మీద ఎండలో ఉంచాడు. ఆ రోజు నలభై మూడు డిగ్రీలు. రేకు మీద చెయ్యి పెట్టలేరు. గంట తర్వాత తీశాడు. కాగితం కాలిన అప్పడంలా వేడిగా ఉంది. "సాంబయ్య" తడిగా ఉంది.

పక్క డబ్బా సందీప్ తొంగి చూసి, "ఏందన్నా, కాయితం ఎండేస్తున్నవు, వడియాలు పెట్టినట్టు?" అన్నాడు.

"చెమ్మ పట్టింది."

"మే నెలల చెమ్మనా!" సందీప్ నవ్వుకుంటూ పోయాడు.

కాగితంలోనే ఏదో ఉందనుకున్నాడు శైలేందర్. నూనె చేతులు తగిలి ఉంటాయి. శనివారం పెట్టెలో నుంచి మరో నాలుగు నిశాని కాగితాలు తెచ్చాడు. నాలుగూ ఒకే మిల్లువి, వెలుగుకు పడితే ఒకే గుర్తు కనిపించింది. పది గంటల ఇరవై నిమిషాలకు ఒక్కో దాని పైఅంచున తన వాక్యం చిన్నగా రాసి గడియారం చూశాడు.

రెండింటి మీద ఎనిమిది సెకన్లలో ఆరింది. రెండింటి మీద ఆరలేదు.

పదిన్నర దాకా చూశాడు. తర్వాత కాగితాలు తిప్పి వెనక పేర్లు చదివాడు. ఆరిన రెండింటిలో ఒకటి ఎర్రవల్లి దేవరాజుది. అతను కిరాణం నడుపుతున్నాడు, పోయిన నెల కూడా కనిపించాడు. ఇంకొకటి తొగుట మనిషిది, అతనూ ఉన్నాడు. ఆరని రెండింటిలో ఒకటి నంగునూరు వైపు వాడిది. కరోనా కాలంలో పోయాడు, శైలేందర్ చావుకు వెళ్లాడు కూడా.

నాలుగోది ఎర్రవల్లి రామవ్వది.

శైలేందర్‌కు కాస్త ఊపిరి వచ్చింది. రామవ్వ బతికే ఉంది. పది రోజుల కింద బస్టాండులో మామిడికాయలు అమ్ముతూ అతనికి రెండు కాయలు ఊరికే ఇచ్చింది. అంటే తాను అనుకుంటున్నది తప్పు. ఇది కాగితం లోపమే. తప్పని తేల్చుకోవడానికి దేవరాజుకు ఫోన్ చేశాడు.

"పెదనాయినా, బాగున్నవా? కాయితాల దేవదాసు కొడుకును."

"బతికే ఉన్న బిడ్డా. ఏంది, నువ్వు గూడ ఓట్లకు నిలబడ్డవా, ఫోన్ జేసినవు?"

"కాదు గని... రామవ్వ ఎట్లున్నది?"

 అవతల డప్పు శబ్దం వినిపించింది.

"నీకప్పుడే ఎవరు జెప్పిన్రు?" అన్నాడు దేవరాజు. "పొద్దుగాల తొమ్మిదింటికి పోయింది. సుట్టాలకు గూడ ఇంక ఫోన్లు జెయ్యలే."

శైలేందర్ ఫోన్ పెట్టేశాడు. రామవ్వ కాగితం మీద "ఇష్టపూర్వకంగా" అన్న మాట ఫ్యాన్ గాలికి సన్నగా కదిలినట్టు మెరిసింది. నాలుగు కాగితాలనూ సంచిలో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. నిన్నటి మరక వేలి మీద అట్లనే ఉంది.

*

ఆదివారం నర్సింహ ఇంటికే వచ్చాడు. శైలేందర్ భార్య వనజ చాయ్ తెచ్చి పెట్టింది.

శైలేందర్ ఏదీ దాచలేదు. కాగితాలన్నీ పరిచాడు. ఏ కాగితం మీద ఎన్ని సెకన్లో చెప్పాడు, రామవ్వ సంగతి చెప్పాడు. నర్సింహ భయపడతాడని, ఈ పని వద్దంటాడని అతని ఆశ.

నర్సింహ సాంబయ్య పేరు మీద బొటనవేలు పెట్టి ఎత్తాడు. తడిని చూసుకున్నాడు. సోఫా అంచుకు తుడుచుకుని చాయ్ తాగాడు.

"అంటే బతికున్నోళ్లది ఆరుతది?"

"ఆరుతది."

"చచ్చినోళ్లది ఆరది."

"ఆరది, పటేలా. ఇది మంచిది కాదు. నా మాట ఇను."

"గట్లయితే పెండ్లాందే తియ్యి."

శైలేందర్‌కు అర్థం కాలేదు.

"అమృతమ్మదయ్యా. మొగడు పోయినంక పట్టా తన పేరు మీదికి మార్పిచ్చుకునేతందుకు మీ నాయిన కాడికే వచ్చింది. ఆమె గూడ బస్సుకే వచ్చింది గదా, నిశాని ఏసిపోయే ఉంటది. అది ఇంకా మంచిది. ఆమెనే మాకు అమ్మినట్టు రాయి. బతికున్నది గదా, ఆరుతది." లేచి కండువా సర్దుకున్నాడు. "ఎల్లుండి మాపటికి మనిషిని పంపుత. బుధవారం హియరింగ్."

అతను పోయాక శైలేందర్ కాగితాలు ఒక్కొక్కటే సంచిలో పెట్టాడు. చచ్చినవాళ్లు తమ కాగితాన్ని తాము కాపాడుకుంటున్నారు. ఆ సంగతి తానే నోరు తెరిచి చెప్పి, బతికున్న మనిషి కాగితానికి దారి చూపించాడు.

సోమవారం పొద్దున పెట్టె బయటికి లాగాడు. అమృతమ్మ కాగితం ఇరవై రెండోది. వెనక పెన్సిల్‌తో "అమృతమ్మ, మర్కూక్, పేరు మార్పిడి" అని తండ్రి రాత. అడుగున నిశాని ముదురుగా, గీత గీత లెక్క పెట్టేటట్టు పడింది. పేరు మార్పిడి తర్వాత ఆఫీసు ఫారం మీదనే అయిపోవడంతో పైనంతా ఖాళీ.

పెన్ను తీశాడు. మూలన ఒక చుక్క పెట్టాడు.

ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టాడు. ఎనిమిదికి చుక్క ఆరింది. ఒక వన్నె తగ్గి, ఇరవై ఏండ్ల కింద పెట్టినట్టు అయింది. వేలుతో రుద్దాడు. రాలేదు.

అతని వీపు మీద చొక్కా తడిసి అంటుకుంది. వనజ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఆరకుంటే భయపడ్డవు. ఆరితే గూడ భయపడుతున్నవు?"

"ఆరిందంటే ఆమె బతికున్నట్టు."

"మంచిదే గదా?"

"దీని మీద ఏం రాసినా నిలబడుతది, వనజా. నేను ఏం రాసినా."

వనజ వచ్చి మంచం మీద కూర్చుంది. కాగితాల కట్ట వైపు చూసింది కానీ ముట్టుకోలేదు.

"మామ ఎందుకు దాచిండు ఇవన్ని?"

"మనిషి నిశాని ఉన్న కాయితం చింపొద్దనేటోడు."

"చింపొద్దన్నడు సరే. ఇచ్చెయ్యొద్దన్నడా?"

 తండ్రి ఆ మాట ఎన్నడూ అనలేదు. ఇయ్యాలని ఎవరికీ తోచలేదు, అంతే. అడగడానికి ఎవరూ రాలేదు, ఇయ్యడానికి ఎవరూ పోలేదు.

"మడిగె పోతది," అన్నాడు శైలేందర్.

"పోతది," అన్నది వనజ. 

*

మంగళవారం పొద్దుటి బస్సుకు బయలుదేరి గజ్వేల్‌లో దిగి, ఆటోలో మర్కూక్ చేరేసరికి ఎనిమిదైంది. సంచిలో నలభై మూడు కాగితాలూ ఉన్నాయి. కావలసింది రెండే. మిగతావి ఇంట్లో పెట్టి రావడానికి అతనికి మనసు ఒప్పలేదు.

అమృతమ్మ ఇంటి ముందు కట్టెల పొయ్యి మీద జొన్న గటక కాస్తోంది. ఆమె గుంటల్లో తొమ్మిది తాటిచెట్లు ఉన్నాయి. వాటి అవతలి నుంచి నర్సింహ తోట కంచె మొదలవుతుంది.

"కాయితాల దేవదాసు కొడుకువా? ముక్కు గట్లనే ఉన్నది," అన్నది ఆమె. "పట్టాల ఏమన్న తేడా ఉన్నదా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. పట్టా నీ పేరు మీదనే ఉన్నది. తేడా నాకాడ ఉన్నది."

రెండు కాగితాలు తీసి చూపాడు. నర్సింహ ఏం అడిగాడో చెప్పాడు. తాను ఒప్పుకున్నానని చెప్పాడు. ఒక లైను రాశానని, ఒక చుక్క పెట్టానని చెప్పాడు. ఆమె గరిటె తిప్పుతూనే విన్నది. మధ్యలో ఒక్కసారి కంచె వైపు చూసింది.

"నీ చెయ్యి పడిపోనూ," అన్నది చివరికి. తిట్టులో కోపం లేదు, పొద్దున లేస్తే అందరినీ తిట్టే తిట్టే అది. "ఏది, నా ఏలు సూపియ్యి."

తన నిశానిని, తన బొటనవేలిని పక్కపక్కన పెట్టి చూసుకున్నది. వేలి మీద ఇప్పుడు కొడవలి కోసిన గాటు ఉంది. కాగితం మీద లేదు.

"గప్పుడు మంచిగుండె," అన్నది.

భర్త కాగితాన్ని తర్వాత తీసుకుంది. చదువు రాదు కాబట్టి అక్షరాలను దాటి సూటిగా అడుగున ఉన్న నిశాని దగ్గరికి పోయింది. చాలాసేపు చూసింది. తర్వాత పైన రాసిన లైను తాకింది.

"గిదేంది, తడిగున్నది?"

"సాంబయ్య అని రాసిన. శుక్రవారం నాడు."

"శుక్రవారమా?"

"ఆరుతలేదు పెద్దమ్మా."

ఆమె వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. అతని ముఖంలోకి చూసింది. ఏమి వాసన వచ్చిందో చెప్పలేదు. 

"మట్టిల పెట్టిన మనిషిని మళ్ల పొయ్యిల ఎట్ల పెట్టాలె?" అన్నది తనలో తాను. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఆగింది. "ఉంచుకుంటే మల్లెవడో వస్తడు." మంటలో పెట్టింది.

కాగితం అంచుల నుంచి అంటుకుంది. నిశాని నల్లబడి ముడుచుకుంది. ఆ ఒక్క లైను మీదికి మంట వచ్చి ఆగింది, పచ్చి కట్టె అంటుకున్నట్టు చుయ్‌మన్నది. శైలేందర్ గడియారం చూసుకోలేదు కానీ లోపల లెక్క నడుస్తూనే ఉంది. ఎనిమిది దాటింది, ఇరవై దాటింది. కాగితమంతా బూడిదై, తావు తావుగానే నిలిచింది. దాని మీద "మర్కూక్ నివాసి సాంబయ్య" అని బ్రౌన్ రంగులో ఇంకా చదవవచ్చు. అది ఆరిందో లేదో అతను చూడదలచుకోలేదు.

అమృతమ్మ కట్టెతో బూడిదను పొడిచింది. అక్షరాలు విరిగి అడుగున పడ్డాయి.

తన కాగితాన్ని ఉండ చుట్టి పారేసింది. అది అందుకోగానే భగ్గుమని, చూస్తుండగానే అయిపోయింది.

సంచిలో ఫోన్ మోగింది. తెర మీద నర్సింహ పేరు. శైలేందర్ ఎత్తాడు.

"రాసినవా?" అన్నాడు నర్సింహ.

"లేదు పటేలా. కాయితం ఎవరిదో వాళ్లకు ఇచ్చిన. వాళ్లు కాల్చిన్రు."

అవతల ఒక నిమిషం తిట్లు వినిపించాయి. డబ్బా రేపే లేస్తుందన్నాడు. సిద్దిపేటలో ఏ గోడ పక్కన కూసుంటవో చూస్తనన్నాడు. శైలేందర్ అంతా విని, అతను పెట్టేశాక ఫోన్ సంచిలో వేశాడు.

"నీకేమన్న అయితదా బిడ్డా?"

"డబ్బా తీసేస్తరు."

"యాడ కూసుంటవు మరి?"

"తెల్వది పెద్దమ్మా."

ఆమె గటకను రెండు గిన్నెల్లో పోసింది. ఒకటి అతని ముందు పెట్టి, సంచిలో నుంచి కనిపిస్తున్న కట్ట వైపు గడ్డంతో చూపింది.

"గవి ఎంతమందియి?"

"నలభై ఒక్క మందియి."

"అందరు బతికున్నరా?"

"నాలుగింటి మీదనే రాసి సూసిన."

"రాయకు ఇగ," అన్నది అమృతమ్మ. "మా ఊరోళ్లయి ఉంటయి సూడు. పేర్లు సదువు, ఇండ్లు నేను జెప్త. లేనోళ్లయి కొడుకుల చేతిల పెట్టు."

శైలేందర్ కట్ట విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మర్కూక్ కాగితాలు మూడు దొరికాయి. మొదటిది తిప్పి, వెనక పెన్సిల్‌తో రాసిన పేరు పైకి చదివాడు.

"ఉన్నది," అన్నది అమృతమ్మ. "నీళ్ల ట్యాంకు ఎనక ఇల్లు. గటక తాగి పో, పొద్దెక్కితే చేన్లకు పోతది."